నల్ల ఇంక్‌తో ఓడరేవు నగరం: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

విశాఖ రేవు ఒడ్డున కనిపించే నగరాన్ని నల్ల ఇంక్‌తో గీయడం హనుమకొండలో కొంతమందిమి సరదాగా మొదలుపెట్టాం. ఇప్పుడు బొమ్మల కంటే ప్రశ్నలే ఎక్కువయ్యాయి. అవీ తిప్పి తిప్పి అవే. వాట్సాప్‌లో ఒకరికి టైప్ చేసింది ఇంకొకరికి మళ్లీ టైప్ చేయలేక అన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా. వరసగా చదవాల్సిన పని లేదు, మీరు ఎక్కడ ఆగిపోయారో ఆ ప్రశ్న వెతుక్కోండి చాలు.

## మొదలుపెట్టే ముందు

సముద్రమే లేని వరంగల్‌లో కూర్చుని ఓడరేవు బొమ్మ ఏందన్నా, మన దగ్గర గీయడానికి ఏం లేవా?

ఎందుకు లేవు, కోటలో తోరణం ఉంది, వేయిస్తంభాల గుడి ఉంది, ఎంత గీసినా ఒడవవు. కానీ అవి దగ్గరికెళ్లి చెక్కడం చూసి గీసే బొమ్మలు. ఓడరేవు నగరం అట్లా కాదు, అంతా దూరంగా ఉంటుంది, మధ్యలో నీళ్లుంటాయి, ఏది వదిలేయాలో మీరే తేల్చుకోవాలి. ఈ వదిలేయడం నేర్చుకోవడానికే నాకు ఈ బొమ్మ ఇష్టం. సాధనకైతే భద్రకాళి చెరువు కట్ట చాలు: గుట్ట, గుడి, అవతలి ఒడ్డు ఇళ్లు, నీళ్లలో వాటి నీడ అన్నీ అక్కడే దొరుకుతాయి. చెరువుకు అవతలి ఒడ్డు ఉంటుంది, సముద్రానికి ఉండదు, తేడా అంతే. ఆ తేడా కోసం విశాఖ వెళ్లాలనిపిస్తే కాజీపేటలోనో వరంగల్‌లోనో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెల్లారేసరికి అక్కడుంటారు.

స్కైలైన్ అంటే కనిపించే బిల్డింగులన్నీ గీయాలా?

అక్కర్లేదు. ఆకాశం ఎక్కడ ఆగి ఊరు ఎక్కడ మొదలవుతుందో ఆ అంచే స్కైలైన్. ముందు ఆ అంచు సరిగ్గా రావాలి, లోపల ఏం గీశారన్నది తర్వాతి మాట. విశాఖలో ఆ అంచును గీసింది బిల్డింగుల కంటే కొండలే. దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్, రేవు పక్కన చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు చిన్న కొండలు, ఉత్తరాన కైలాసగిరి. ఎత్తైన అపార్ట్‌మెంట్లు వీటి మధ్య ఖాళీల్లో నిలబడి ఉంటాయి. ఆ డాల్ఫిన్ ముక్కు ఒక్కటి కుదిరితే కింద పేరు రాయకపోయినా చూసినవాళ్లు విశాఖ అనేస్తారు, అది కుదరకపోతే వంద బిల్డింగులు పెట్టినా ఏ ఊరో తెలియదు.

విశాఖే ఎందుకు, ముంబై గీస్తే ఇంకా బాగుంటుంది కదా?

గీయండి, తప్పేం లేదు. 1903 నాటి తాజ్ హోటల్, 1924లో పూర్తయిన గేట్‌వే ఆఫ్ ఇండియా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పడవలోంచి చూస్తే గుర్తుపట్టే అంచు రెడీగా దొరుకుతుంది. కాకపోతే తాజ్ గుమ్మటాలూ కిటికీలూ చాలా ఓపిక అడుగుతాయి. మొదటి బొమ్మకు కొండలున్న ఊరే నయం, కొండ కాస్త అటూఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు.

ఏ పెన్ను కొనాలి? ఇంట్లో ఉన్న జెల్ పెన్ సరిపోదా?

సాధనకు సరిపోతుంది. దాచుకునే బొమ్మకు మాత్రం పిగ్మెంట్ ఇంక్ ఉండే డ్రాయింగ్ పెన్నులు తీసుకోండి, ఆరాక నీళ్లు పడ్డా చెదరవు, ఎండకు త్వరగా వెలిసిపోవు. సెట్ మొత్తం కొనకండి, డబ్బు దండగ. మూడు చాలు. సకురా పిగ్మా మైక్రాన్‌లో అయితే 005, అంటే 0.20 మిల్లీమీటర్ల గీత, దూరం కొండలకూ నీళ్లకూ. 03, అంటే 0.35, మధ్యలో ఉన్న ఊరికి. 08, అంటే 0.50, దగ్గరి పడవలకూ రాళ్లకూ. పెన్ను మీది నంబరునే గీత మందం అనుకుని 08 అంటే 0.8 మిల్లీమీటర్లని చాలామంది పొరపడతారు, కాదు. ఇంకో మాట, 005 ముల్లు చాలా సున్నితం, బాల్‌పెన్ పట్టినట్టు ఒత్తి గీస్తే లోపలికి పోతుంది.

ఇండియన్ ఇంక్ కొన్నాను, నా ఫౌంటెన్ పెన్‌లో పోసుకోవచ్చా?

పోయకండి. సంప్రదాయ ఇండియన్ ఇంక్ అంటే మసి, దాన్ని కాగితానికి పట్టించే లక్క. ఆ లక్క ఎండితే పెన్నులోని సన్నటి దారులు మూసుకుపోతాయి, ఎంత కడిగినా రాదు. దాన్ని ముంచి గీసే పాళీతోనో బ్రష్‌తోనో వాడాలి, పని మధ్యలో కూడా పాళీని నీళ్లలో కడిగి తుడుస్తూ ఉండాలి. మే నెలలో మన దగ్గర ఫ్యాన్ కింద కూర్చుంటే పాళీ మీద ఇంక్ గీత మధ్యలోనే ఎండిపోతుంది. పొద్దున్నే గీయండి, లేదంటే ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా పక్కకు జరిగి కూర్చోండి.

మామూలు చార్ట్ మీద గీయొచ్చా?

చార్ట్ నునుపుగా బాగానే కనిపిస్తుంది కానీ కొన్నాళ్లకు పసుపు రంగుకు తిరుగుతుంది. గీతలే అయితే 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు, పెరిగేకొద్దీ కాగితం మందం) కార్ట్రిడ్జ్ షీట్ అనే డ్రాయింగ్ కాగితం చాలు, ఇంక్‌లో నీళ్లు కలిపి బ్రష్‌తో పూయాలనుకుంటే 300 జీఎస్ఎం వాటర్‌కలర్ షీట్, అందులో హాట్ ప్రెస్డ్ అనే నునుపు రకం అడగండి. గరుకు రకం మీద సన్నని పెన్ను ముల్లు త్వరగా అరిగిపోతుంది. కొనే ముందు షాపులోనే చిన్న ముక్క అడిగి ఒక గీత గీసి చూడండి, గీత అంచుకు వేర్లు పాకినట్టు ఇంక్ పాకితే ఆ కాగితం వద్దు.

## విశాఖలో చూసుకోవాల్సినవి

ఎక్కడ కూర్చుంటే ఊరంతా ఒక్కసారి కనిపిస్తుంది?

కైలాసగిరి మీద. అక్కడినుంచి నైరుతి వైపు చూస్తే ఒడ్డు వంపు తిరుగుతూ వెళ్లి చివర డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఆగుతుంది, ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క ఊరు. ఆర్కే బీచ్ నుంచైతే ముక్కు దగ్గరగా పెద్దగా కనిపిస్తుంది కానీ ఊరు మీ వెనక పడిపోతుంది. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం అని మరిచిపోకండి. నేవీ స్థలాల్లో, పోర్టు గేట్ల దగ్గర ఫోటో తీయకూడదన్న బోర్డులు ఉంటే ఫోనూ స్కెచ్‌బుక్కూ రెండూ సంచిలో పెట్టేయండి. జనం తిరిగే బీచ్, పార్కు, కొండ మీది వ్యూ పాయింట్ చాలు బొమ్మకు.

బీచ్ మీద నిలబడితే అసలు రేవే కనిపించదేంటి?

1933లో ఓడలకు తెరిచిన పాత రేవు లోపల ఉంది. సముద్రం నుంచి ముక్కు పక్కగా ఒక కాలువ లోపలికి వెళ్తుంది, ఓడలు దాని గుండా పోయి ఊరి వెనక ఆగుతాయి, బీచ్ నుంచి మీకు మహా అయితే క్రేన్ల కొనలు కనిపిస్తాయి. 1970ల్లో కట్టిన బయటి రేవు మాత్రం సముద్రం వైపే ఉంది, రాళ్ల గోడలూ పెద్ద క్రేన్లూ అక్కడివే. పాత రేవు కట్టేటప్పుడు ఇసుక కొట్టుకొచ్చి దారి పూడిపోకుండా రెండు పాత ఓడలను అక్కడే ముంచి అడ్డుగోడ చేశారట, ఆ సంగతి తెలిశాక నాకు ఆ మూల గీయడం ఇంకా నచ్చింది. బొమ్మలో మాత్రం కనిపించిందే పెట్టండి, రేవు అన్నాం కదా అని లేని ఓడలను ఊరి మధ్యలోకి తేకండి.

ఏ టైంకి వెలుగు బాగుంటుంది?

తూర్పు తీరం కాబట్టి పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, ఒడ్డున ఉన్న బిల్డింగుల ముఖాల మీద వెలుగు పడి కిటికీలూ బాల్కనీలూ అన్నీ తేలతాయి. వివరాలు గీయాలంటే అది మంచి టైం. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక దిగుతాడు, అప్పుడు ఊరంతా ఒకే నల్లటి అంచు అవుతుంది. ఇంక్‌కు నా ఓటు సాయంత్రానికే, సగం పని సూర్యుడే చేసిపెడతాడు. మిట్టమధ్యాహ్నం వద్దు, నీడలుండవు, పైగా తీరం ఉక్కపోతకు చెమట కాగితం మీద కారుతుంది.

సముద్రం గీత ఎక్కడ పెట్టాలి, ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్తున్నారు?

నీళ్లూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు కొండెక్కితే అదీ మీతో పాటు ఎక్కుతుంది. బీచ్‌లో నిలబడితే ఒడ్డున ఉన్న మనుషుల కళ్లన్నీ దాదాపు ఆ గీత మీదే పడతాయి, పడవలూ ఇళ్లూ అన్నీ ఆ గీతను దాటి పైకి పోతాయి. కైలాసగిరి మీదినుంచి చూస్తే చాలా బిల్డింగులు గీతకు కిందే ఉండిపోతాయి. ఫోటోలోని గీతను ఒకచోటి నుంచి, బిల్డింగులను ఇంకోచోటి నుంచి తెచ్చి కలిపితే ఊరు నీళ్లలోకి జారుతున్నట్టు కనిపించేది ఇందుకే.

లెక్క కావాలన్నవాళ్లకు: కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ గీత ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 1.6 మీటర్ల ఎత్తు నుంచి సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, వంద మీటర్ల కొండ మీదినుంచి సుమారు 36. కాబట్టి కొండ మీదినుంచి గీస్తే నీళ్లకు కాగితం మీద ఎక్కువ ఎత్తు ఇవ్వాలి, బీచ్ నుంచి గీస్తే నీళ్లు ఒక సన్నని పట్టీ మాత్రమే.

నేను విశాఖ పోలేను, ఫోటో చూసి గీస్తే అది బొమ్మ కాదా?

నిక్షేపంగా బొమ్మే. వెన్‌సెస్లాస్ హొల్లార్ అనే పాతకాలపు చిత్రకారుడు 1647లో అచ్చు వేయించిన లండన్ పొడవాటి దృశ్యాన్ని లండన్‌లో కూర్చుని చెక్కలేదు, ముందే అక్కడ గీసి పెట్టుకున్న స్కెచ్‌లతో ఆంట్‌వెర్ప్‌లో చెక్కాడు. కానీ చూపు మాత్రం మొత్తం ఒకే చర్చి గోపురం మీదినుంచే ఉంచాడు, అది గట్టిగా పట్టుకోండి. ఫోన్‌లో పనోరమా మోడ్ తిన్నటి ఒడ్డును విల్లులా వంచేస్తుంది, వైడ్ లెన్స్ దూరం కొండల్ని బాగా చిన్నవి చేస్తుంది. జూమ్‌లో వరసగా నాలుగైదు ఫోటోలు ఒకేచోట నిలబడి తీసినవి ఉంటే మేలు, విశాఖలో ఉన్న చుట్టాలనో ఫ్రెండ్స్‌నో అడిగితే తీసి పంపుతారు. నెట్‌లో దొరికిన ఇంకొకరి ఫోటోను అచ్చంగా దించి అమ్మితే మాత్రం ఆ ఫోటో తీసినవాళ్ల హక్కుకు అడ్డం వచ్చినట్టే, అనుమతి తీసుకోండి.

## పెన్సిల్ దశ

పెన్సిల్‌తో ఎంత వరకు గీసుకోవాలి?

తక్కువ. 2హెచ్ పెన్సిల్‌తో (గట్టి ముల్లు, లేత గీత), కాగితానికి గాడి పడకుండా, ముందు ఒడ్డు గీత, అంటే నేలా నీళ్లూ కలిసే చోటు, తర్వాత సముద్రం గీత, తర్వాత కొండల అంచు. ఈ మూడూ కుదిరాక పెద్ద బిల్డింగులకు నిలువు గుర్తులు. అక్కడ ఆపేయండి. కిటికీలు కూడా పెన్సిల్‌తో గీసేస్తే ఇంక్ పని అంతా దిద్దుబాటు అయిపోతుంది, గీతలో ప్రాణం ఉండదు. ఎత్తులు కొలవడానికి చెయ్యి తిన్నగా ముందుకు చాపి పెన్సిల్ మీద బొటనవేలుతో గుర్తు పెట్టే పాత పద్ధతి బాగా పనిచేస్తుంది. డాల్ఫిన్స్ నోస్ ఎత్తును ఒక కొలతగా పెట్టుకుని మిగతావన్నీ అందులో ఎన్నో వంతు అని చూసుకోండి. కొత్తవాళ్లు బిల్డింగుల్ని ఎప్పుడూ ఉన్నదానికంటే ఎత్తుగా వేస్తారు, ఊరంటే ఎత్తు అని మనసులో ఉంటుంది కాబట్టి.

ఏ3 షీట్‌లో ఊరికి ఎంత చోటివ్వాలి?

ఏ3ని అడ్డంగా పెడితే 42 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 ఎత్తు. ఊరికి ఆ ఎత్తులో ఐదో వంతు దాటనివ్వకండి, ఆరు సెంటీమీటర్లంటే చాలా ఎక్కువే. మిగతాది నీళ్లకూ ఆకాశానికీ. ఖాళీ చూసి టెన్షన్ పడి మేఘాలూ పక్షులూ నింపేవాళ్లు ఉన్నారు, షీట్‌నే అడ్డంగా సగానికి కోసేయండి కానీ నింపకండి.

నా ఓడలు చిన్నపిల్లల కాగితం పడవల్లా వస్తున్నాయి, ఎట్లా?

మూడు సంగతులు చూడండి. ఒకటి, లంగరేసి ఆగిన ఓడలు గాలికీ నీటి వాలుకూ తగ్గట్టు తిరిగి నిలబడతాయి, అందుకే అన్నీ దాదాపు ఒకే దిక్కుకు ముఖం పెట్టి ఉంటాయి. మీ బొమ్మలో ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే అక్కడే అబద్ధం బయటపడుతుంది. రెండోది బరువు. సరుకు నిండిన ఓడ నీళ్లలోకి దిగిపోయి ఎత్తు తగ్గి ఒక పొడవాటి పట్టీలా కనిపిస్తుంది, ఖాళీ ఓడ పైకి తేలి అడుగు రంగు కూడా బయటపడుతుంది. రెండూ పక్కపక్కన పెడితే బొమ్మ నిజంగా చూసి గీసినట్టు ఉంటుంది. ఇంక చివరిది, బీచ్ నుంచి చూసినప్పుడు సముద్రం గీతకు ఆవల ఉన్న ఓడల కింది భాగం భూమి వంపు వెనక దాక్కుంటుంది, పైన గదులూ స్తంభాలే కనిపిస్తాయి. దూరపు ఓడకు కింది గీత పూర్తిగా గీయకండి.

క్రేన్ల విషయంలో ఒక్క మాటే: లోపలి జాలీ అంతా గీయొద్దు, బయటి అంచు గీసి మధ్యలో రెండు అడ్డగీతలు వేస్తే కన్ను మిగతాది నింపుకుంటుంది.

## ఇంక్ దశ

పెన్ను పట్టాక ఎక్కడ మొదలుపెట్టాలి?

దూరంగా ఉన్నదాంతో, అంటే సన్నని పెన్నుతో. నలుపు తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు, తగ్గించుకోలేం. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమ నుంచి కుడికి పోండి, ఎడమచేతి వాళ్లు తిరగేసుకోండి. ఏదైనా సరే చెయ్యి కింద ఒక రఫ్ కాగితం పెట్టుకోండి, చెమటకు షీట్ జిడ్డు పట్టినచోట ఇంక్ పట్టదు.

దూరం కొండా దగ్గరి బిల్డింగూ ఒకేచోట అంటుకున్నట్టు ఉన్నాయి, ఏం చేయాలి?

సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, దూరం పోయేకొద్దీ అన్నీ పాలిపోతాయి. నీళ్లు కలపని ఇంక్‌లో బూడిద రంగు లేదు కాబట్టి గీతల సన్నదనం, వాటి మధ్య ఖాళీయే మీ బూడిద రంగు. దూరం కొండకు 005తో ఎడం ఎడంగా ఒకే దిక్కు హ్యాచింగ్ (పక్కపక్కన వరస గీతలు), అదీ అంచు గీత అక్కడక్కడా తెగేలా. మధ్య ఊరికి క్రాస్ హ్యాచింగ్ (ఆ గీతల మీద అడ్డంగా ఇంకో వరస) నీడ వైపు మాత్రమే. పూర్తి నలుపు ఎక్కడో రెండు మూడు చోట్ల దగ్గరి వస్తువులకు దాచి ఉంచండి. రెండు వస్తువులు అంటుకున్నచోట ముందున్నదాని చుట్టూ సన్నటి తెల్ల అంచు వదిలితే అది ముందుకు వస్తుంది.

గీత మీదే బొమ్మ ఎట్లా నిలబడుతుందో చూడాలంటే మన ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఇంక్ బొమ్మలూ ఎచింగులూ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసినవి) చూడండి. ఆయన గీసింది ఊళ్లూ మనుషులూ మేకలూ, సముద్రం కాదు, అయినా ఒక్క గీత ఎక్కడ లావై ఎక్కడ సన్నబడుతుందో అక్కడే తెలుస్తుంది.

కిటికీలన్నీ గీసేసరికి బిల్డింగ్ గళ్ల లుంగీలా అయింది, ఏం చేయాలి?

కిటికీలు లెక్కపెట్టడం ఆపండి. వెలుగు పడిన గోడ మీద దాదాపు ఏమీ వద్దు, నీడ గోడ మీద అక్కడక్కడా గుంపులుగా చిన్న నిలువు గీతలు చాలు. పైన నీళ్ల ట్యాంకు, సెల్ టవర్, మెట్ల గది, ఇవే ఆకాశం మీద కనిపించేవి, వాటికి సమయం పెట్టండి. ముక్కు మీది లైట్‌హౌస్ కూడా అంతే, నిలువుగా ఒక చిన్న గీత.

నీళ్లు నీళ్లలా కనిపించడం లేదు, ఇది అందరికీ ఉన్న బాధేనా?

అందరికీ. ఎందుకంటే నీళ్లను గీయాలని చూస్తారు. తెల్ల కాగితమే నీళ్లు, మీరు గీసేది దాని మీద పడ్డ నలుపును మాత్రమే.

ముందు నీడల సంగతి, అంటే నీళ్లలో కనిపించే ప్రతిబింబాలు. కదలని నీళ్లలో ఒక స్తంభం నీడ సరిగ్గా దాని కిందే నిలువుగా పడుతుంది, పక్కకు పోదు, ఎడమకు వంగిన స్తంభం నీడ కూడా ఎడమకే వంగుతుంది. చిన్న అలలుంటే ఆ నీడ కిందికి సాగి ముక్కలవుతుంది. ఫిషింగ్ హార్బర్ లాంటి మూసుకున్న చోట పడవల నీడలు ఇట్లానే దొరుకుతాయి. బయటి సముద్రంలో అలలు పెద్దవి, ఊరి నీడ అసలు కనిపించదు, ఆకాశపు వెలుగే చెదిరి కనిపిస్తుంది. బొమ్మల్లో నడి సముద్రం మీద ఊరు అద్దంలో పడ్డట్టు తలకిందులుగా గీయడం ఒక అలవాటైపోయింది, చూడ్డానికి బాగుంటుందేమో కానీ విశాఖ బీచ్‌లో అట్లా ఎప్పుడూ ఉండదు.

ఇక అలల గీతలు. దగ్గర ఎడంగా, దూరం పోయేకొద్దీ దగ్గరదగ్గరగా రావాలి, ఇది అందరికీ తెలుసు. కానీ ఇంక్‌లో దగ్గరదగ్గర గీతలంటే నలుపు, అట్లా పోతే దూరపు సముద్రం నల్లబడి ముందుకు దూకుతుంది. అందుకని దూరం పోయేకొద్దీ పెన్ను సన్నం చేయండి, గీతను మధ్యమధ్యలో తెంపండి, కొన్ని వరసలు పూర్తిగా వదిలేయండి. గీతలు అడ్డంగానే ఉండాలి, కాస్త వాలినా నీళ్లు ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు ఉంటుంది. ఒడ్డు గీత దగ్గర మాత్రం గట్టి నలుపు ఒకటి పెట్టండి, ఊరు అక్కడ కూర్చుంటుంది.

స్కేల్ వాడితే మోసమా?

సముద్రం గీతకు వాడండి, అది నిజంగానే తిన్నగా ఉంటుంది. బిల్డింగులకు పెన్సిల్‌లో వాడి ఇంక్ చేత్తో వేయండి. స్కేల్ అంచుకు ఇంక్ పట్టి పాకుతుంది, అంచు కాస్త పైకి లేచిన స్కేల్ అయితే నయం.

ఆకాశం ఖాళీగా వదిలేయొచ్చా?

వదిలేయండి.

చివర్లో ఇంక్ బొట్టు పడింది, బొమ్మ పోయినట్టేనా?

రుద్దకండి, ముందు అది. టిష్యూ మూలను బొట్టుకు తాకించి పీల్చనివ్వండి, పూర్తిగా ఆరనివ్వండి. 300 జీఎస్ఎం లాంటి మందం కాగితమైతే కొత్త బ్లేడు అంచుతో పైపొరను మెల్లగా గీకి, గోటి వెనక వైపుతో నునుపు చేస్తే చాలావరకు పోతుంది, కానీ అక్కడ మళ్లీ గీస్తే ఇంక్ పాకుతుంది. పలుచటి కాగితం మీద తెల్ల గౌష్ రంగు (కింది గీతను కప్పేసే చిక్కటి నీటిరంగు) ఒక చుక్క. నీళ్లలో పడ్డ బొట్టైతే చేపల పడవను చేసేయండి, ఒడ్డున ఎన్ని పడవలున్నాయో ఎవరూ లెక్క అడగరు.

## పూర్తయ్యాక

పెన్సిల్ గీతలు ఎప్పుడు చెరపాలి?

ఒక రాత్రి ఆగండి. పైకి ఆరినట్టున్నా మందంగా నింపిన నలుపు లోపల తడిగా ఉంటుంది. పిండిలా పిసికే మెత్తటి రబ్బరుతో అద్ది తీయండి, గట్టి రబ్బరుతో రుద్దితే నలుపు కూడా కాస్త వెలిసిపోతుంది.

ఫోన్‌తో ఫోటో తీస్తే బూడిదగా వస్తోంది, ప్రింట్‌కు పనికొస్తుందా?

గ్రూప్‌లో పెట్టడానికి చాలు, ప్రింట్‌కు స్కాన్ చేయించండి. గీతల బొమ్మకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), పీఎన్‌జీ లేదా టిఫ్ ఫైల్, జేపెగ్ వద్దు, సన్నని గీతల అంచులు మసకబారతాయి. బొమ్మ స్కానర్ కంటే పెద్దదైతే రెండు భాగాలుగా, అంచులు ఒకదానిమీద ఒకటి వచ్చేలా స్కాన్ చేసి కలపొచ్చు. ఫోన్ తప్ప దిక్కు లేదంటే కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పైనుంచి తిన్నగా తీయండి.

పటం కట్టించేటప్పుడు షాపువాళ్లకు ఏం చెప్పాలి?

దేవుడి పటాలు కట్టినట్టు అద్దాన్ని నేరుగా కాగితానికి ఆనించి కట్టేస్తారు, అది వద్దనండి. వానాకాలంలో లోపల తేమ చేరితే కాగితం అద్దానికి అంటుకుంటుంది, బూజు మచ్చలు వస్తాయి. చుట్టూ మౌంట్ బోర్డు (మధ్యలో కిటికీలా కోసిన మందం అట్ట) పెట్టించి అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ ఉండేలా చూడండి, బోర్డు యాసిడ్ లేనిది దొరికితే అదే. వెనక ఫెవికాల్ పూయొద్దని గట్టిగా చెప్పండి, పై అంచున రెండు కాగితం పట్టీలతో వేలాడదీస్తే చాలు. తేమ ఎక్కే గోడకూ, నేరుగా ఎండ పడే గోడకూ తగిలించకండి.

నిజంగా ఉన్న బిల్డింగులు గీసి అమ్మితే ఓనర్లు కేసు వేస్తారా?

కట్టడాన్ని చూసి బొమ్మ గీయడం, ప్రచురించడం మన 1957 కాపీరైట్ చట్టంలోనే, 52వ సెక్షన్‌లో, ఉల్లంఘన కిందికి రాదని ఉంది. ఆ భరోసాతో గీయండి. బిల్డింగ్ మీద ఉన్న కంపెనీ గుర్తును మాత్రం పెద్దగా చూపించి, వాళ్లే వేయించిన బొమ్మ అనిపించేలా అమ్మకండి. విశాఖలో ఉన్న చుట్టాలకు బొమ్మ పంపాలంటే చుట్టి గొట్టంలో పెట్టొచ్చు, కాకపోతే ఇంక్ వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టండి, మధ్యలో బటర్ పేపర్ వేయండి. మందం షీట్ అయితే చుట్టకుండా రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపడమే మేలు.